వెనక పుట్టిన పెద్దది

పోయిన వారం మనం ఒక వేలి దగ్గర ఆగిపోయాం. లాయరు చక్రధర్ గారి వేలు అది. చిత్తూరు వినియోగదారుల ఫోరంలో హాలు నిండా జనం చూస్తుండగా ఆయన ఆ వేలు తిరుమలమ్మ వైపు చూపించి, "ఆ బిడ్డ పేగు పాడుచేసింది మా పాలపొడి కాదు సార్, ఈవిడ చెయ్యి" అనేశాడు.

వెనకటి వారాలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. నగరిలో పవర్‌లూమ్ మగ్గాలు ఆడించుకొని బతికే ఢిల్లీబాబుకు, వనజాక్షికి ఏడో నెలలోనే కవల ఆడపిల్లలు పుట్టారు. తిరుపతిలో డాక్టర్ హరినాథ్ నర్సింగ్ హోమ్‌లో ఒక బిడ్డను వెచ్చటి గాజుపెట్టెలో పెట్టి డబ్బాపాలు పట్టారు. తల్లికి పాలున్నాయి మొర్రో అన్నా వినలేదు. కొద్దిరోజుల్లోనే ఆ బిడ్డ కడుపు ఉబ్బింది, పేగు కుళ్ళింది. వేలూరు పెద్దాసుపత్రిలో సగం పేగు కోసి తీసేశారు. రెండో బిడ్డ మాత్రం డబ్బాపాలు నాలుక మీద పడకుండా, నాయనమ్మ తిరుమలమ్మ చేతుల్లో, తల్లిపాలతో బతికింది. ఇప్పుడు ఇద్దరికీ ఐదేళ్ళు నిండాయి. ఒకటి మేకపిల్లలా గెంతుతోంది. పేగు కోసిన బిడ్డ మాత్రం తిన్నది ఒంటబట్టక, నాలుగడుగులు వేస్తే ఆయాసపడి కూర్చుంటోంది. ఇంకో ఆపరేషన్ చేయకపోతే ఆ బిడ్డ ఎదగదని వేలూరు డాక్టర్లు తేల్చి చెప్పారు. ఉన్న మగ్గాల్లో సగం మొదటి ఆపరేషన్‌కే పోయాయి. కాబట్టి పాలపొడి కంపెనీ మీద, డాక్టరు మీద వేసిన ఈ నష్టపరిహారం కేసు గెలిస్తేనే బిడ్డకు ఆపరేషన్. ఓడిపోతే లేదు. సంగతి అంతే.

ఇక ఆ వేలు ఎట్లా లేచిందో మొదటినుంచీ చెప్తాను. ఫోరంలో సినిమాల్లో చూపించే బోను ఉండదు. ప్రెసిడెంటు గారి బల్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంటుంది, సాక్షి అందులో కూర్చుని చెప్పాలి. తిరుమలమ్మ మొదట కూర్చోనంటే కూర్చోనని మొండికేసింది. "జడ్జీ సారు ముందర కుర్సీ ఎక్కి కూసుంటే కండ్లు పోతాయి" అంది. ప్రెసిడెంటు గారే నవ్వి, "నేను చెప్తున్నానుగా, కూర్చోమ్మా" అంటే అంచు మీద పిట్ట వాలినట్టు వాలింది. ఒళ్ళో చిన్న గుడ్డమూట. దాన్ని పొద్దున నగరిలో బస్సెక్కినప్పటినుంచీ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

రెండో వరుసలో వనజాక్షి కూర్చుని ఉంది. జబ్బుబిడ్డ మహిత ఆమె ఒళ్ళో తల వాల్చింది. భవితకు మాత్రం ఒకచోట నిలిచే అలవాటు లేదు. బల్లల కింద దూరి, లాయర్ల బూట్లు లెక్కపెడుతోంది. దాని ఎడమచేతి చిటికెనవేలి పక్కన ఇంకో బుల్లివేలుంది. ఆరువేళ్ళ పిల్ల అదృష్టవంతురాలని నగరి వీధుల్లో ఎవరు కనబడ్డా ఆ చెయ్యి పట్టుకొని ముద్దుపెట్టుకొంటారు.

వాళ్ళ వెనక కుర్చీలో గోవిందయ్య. నగరి మనిషే, తిరుపతిలో మందుల షాపు పెట్టుకున్నాడు. కాన్పు వేళ వీళ్ళను ఆ నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయింది ఆయనే. అందుకేనేమో, కేసు పడినప్పటినుంచీ ఒక్క వాయిదా తప్పకుండా టిఫిన్ క్యారియర్ పట్టుకొని తోడు వస్తున్నాడు. సొంత అన్నదమ్ములు మొహం చాటేసిన ఈ రోజుల్లో అట్లాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు! భవిత చేతిలో ఉన్న కమ్మరకట్టు బెల్లం మిఠాయి ఉండలు కూడా ఆయన కొనిపెట్టినవే.

ముందు వరుసలో డాక్టర్ హరినాథ్ తలవంచుకొని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ కాగితాల మీద సంతకాలు పెట్టి పంపి ఊరుకున్న మనిషి, ఇవాళే మొదటిసారి ఫోరం గడప తొక్కాడు. ఆయన తరఫునా, కంపెనీ తరఫునా లాయరు చక్రధరే.

"అమ్మా, మీ మనవరాళ్ళిద్దరిలో చిన్నది ఎవరు?" అని మొదలుపెట్టాడు చక్రధర్. గొంతులో తేనె కారుతోంది.

"మహిత. ఆడ వాళ్ళమ్మ ఒళ్ళో పండుకోనుండాదే, అది."

"మరి పెద్దది?"

"భవిత. యాడుందో సూసుకోండి, మీ కాళ్ళకాడే ఉంటాది."

హాలంతా నవ్వింది. చక్రధర్ కూడా నవ్వాడు. ఆయన నవ్వితే భయపడాలన్న సంగతి వనజాక్షికి ఈపాటికి తెలిసిపోయింది.

"జబ్బు చేసింది, వేలూరులో కడుపు కోసింది చిన్నదానికేగా?"

"అవును నాయనా."

"పొరపాటు లేదు కదా?"

"పొరపాటేంది? కన్నతల్లిని అడుగు, కన్న నాయన్ని అడుగు. కోత పడింది సిన్నదానికే."

చక్రధర్ ఇక ఆమె వైపు చూడలేదు. ప్రెసిడెంటు గారి వైపు తిరిగాడు.

"ఆ మాట రాసుకోండి సార్. వీళ్ళ పిటిషన్లో ఉన్నదీ అదే, 'మా చిన్న కూతురికి' అని. వేలూరు ఆసుపత్రి కాగితంలో ఉన్నదీ అదే, 'కవలల్లో చిన్నది' అని. ఇప్పుడు మా నర్సింగ్ హోమ్ రికార్డు వినండి. ముందు పుట్టిన బిడ్డను గాజుపెట్టెలో పెట్టాం, పాలపొడి కలిపి పట్టాం. ఇంటికి పోయేటప్పుడు ఆ బిడ్డ కులాసాగా ఉంది. తర్వాత పుట్టింది, అంటే చిన్నది, పెట్టె ఎక్కనే లేదు. మా పాలు చుక్క తాగలేదు. ఈ అవ్వగారే దాన్ని తీసుకుపోయి, తన చేత్తో, తన గిన్నెతో పాలు పట్టుకుంది. పేగు కుళ్ళింది ఆ చిన్నదానికే! మా డబ్బాపాలు తాగిన పెద్దది ఎట్లా ఉందో మీరే చూడండి సార్. నా కాళ్ళ దగ్గర ఆడుకుంటోంది. చూపించింది అవ్వగారే."

అప్పుడే ఆయన వేలు తిరుమలమ్మ వైపు లేచింది, పేగు పాడుచేసింది ఈవిడ చెయ్యి అన్న ఆ మాటతో. వనజాక్షికి మొదట ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళో బిడ్డను దగ్గరికి లాక్కుంది. బిడ్డ కులాసాగా ఇంటికి పోయిందన్నది ఒక్కటే పచ్చి అబద్ధం, మిగిలినవన్నీ నిజాలే. అయినా ఆ నిజాలన్నిటినీ ఆయన ఒక దండగా గుచ్చితే పాపమంతా అత్త మెడలో పడింది. జబ్బుబిడ్డ కాస్తా అత్త పెంచిన బిడ్డయింది, అత్త ప్రాణం పోసిన బిడ్డ కాస్తా డబ్బాపాల బిడ్డయింది!

వనజాక్షి తరఫు లాయరు రేవతి గబుక్కున పక్కనున్న ఢిల్లీబాబు వైపు వంగింది. "చిన్నది అని నాకు చెప్పింది మీరేగా?"

"అవునమ్మా. వేలూర్లో కూడా నేనే సెప్పినా. సిన్నదేగా!"

"ముందు పుట్టింది ఎవరు?"

"మహితే."

"ముందు పుట్టింది చిన్నదెట్లా అవుతుందండీ?"

ఢిల్లీబాబు ఆమెను ఎగాదిగా చూశాడు. పొద్దు తూర్పునే ఎందుకు పొడుస్తుందని అడిగినట్టుంది అతనికి. "అదేంది లాయరమ్మా, కవలల్లో ముందు బయటికొచ్చేది సిన్నది కదా! వెనక వచ్చేదే పెద్దది. ఇది తెలీని మనిషుంటుందా?"

ఉంది. కవలలు లేని ఇంట్లో పుట్టి, హైదరాబాదులో చదువుకొని వచ్చిన రేవతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని వీళ్ళకు తట్టనే లేదు.

తిరుమలమ్మకు కాస్త ఆలస్యంగా ఎక్కింది. ఎక్కాక మాత్రం ఆమె కుర్చీలో ఉండలేదు. జడ్జీ లేడు, ఫోరం లేదు, లేచి నిలబడింది.

"ఏందప్పా నువ్వనేది? నేను సాకిన బిడ్డకా పేగు కుళ్ళింది? ముందు వచ్చింది సిన్నది, వెనక వచ్చింది పెద్దది. పుట్టినకాడినుంచి అట్లనే పిలస్తా ఉండాం. నీకు తెలీకపోతే సెప్తా విను. పుత్తూరు బస్సు ఎక్కతారు గదా జనం. ముందు ఎక్కినోడు యాడికి పోతాడు? లోపలికి పోతాడు. వెనక ఎక్కినోడు వాకిట్లో నిలబడతాడు. ఊరొచ్చినాక ఎవడు ముందు దిగతాడు? వాకిట్లో ఉండేవోడేగా! అయితే వాడు ముందు ఎక్కినట్టా? సెప్పు!"

ఈసారి నవ్వు ప్రెసిడెంటు గారి బల్ల దగ్గరే మొదలైంది. పక్కనున్న ఫోరం మెంబరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంట్లోనూ ఇదే మాట సార్" అంది.

చక్రధర్ తడబడే మనిషి కాదు. "మా నాయనమ్మ కూడా ఇట్లాగే అనేది సార్, కాదనను. కానీ కేసు ఇన్నేళ్ళుగా నడుస్తోంది. ఇన్నేళ్ళూ ఎత్తని మాట ఇవాళ, సరిగ్గా ఇప్పుడే ఎందుకు వచ్చిందో ఆలోచించండి. కాగితాలన్నీ చిన్నది అంటున్నాయి. పెట్టెలో ఉన్నది ఆ పాప, ఈ పాప కాదు అనడానికి వీళ్ళ నోటిమాట తప్ప ఏముంది?"

ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, మాది పాకాల. నీ మాట నాకు కొత్త కాదు. కానీ రాసి ఉన్న కాగితాన్ని నేను కాదనాలంటే నాకు ఏదో ఒక ఆధారం కావాలి. ఆ రోజుల్లో ఏ బిడ్డ ఎక్కడుందో చూసినవాళ్ళు, మీ ఇంటి మనుషులు కానివాళ్ళు, ఎవరైనా ఉన్నారా?"

తిరుమలమ్మ మళ్ళీ కుర్చీ అంచు మీద వాలింది. ఒళ్ళో ఉన్న మూట ముడి విప్పింది. లోపల పసుపు గుడ్డ, ఆ గుడ్డలో అరిగిపోయి మెరిసే ఒక బుల్లి ఇత్తడి గిన్నె. ఒక పక్క దాని మూతి పిట్టముక్కులా సాగి ఉంది.

"ఏమిటమ్మా అది?" అని అడిగింది మెంబరమ్మ గారు.

"ఉగ్గుగిన్నె తల్లీ. మా అత్త నాకిచ్చింది." దాన్ని అరచేతిలో పెట్టుకొని చూస్తూ ఆమె మెల్లగా మొదలుపెట్టింది. ఇందాకటి గొంతు కాదు అది. "ఆ పొద్దు బిడ్డను గుడ్డలో సుట్టి ఈ డాక్టరు సారే నా సేతిలో పెట్టినాడు. ఇది నిలబడదమ్మా, పెట్టెలో ఉండేదాన్నన్నా కాపాడుకోండి అన్నాడు. అట్ల అన్నందుకు ఆయన్ని తప్పుపట్టను. సూస్తే అట్లనే ఉండె. నా అరసెయ్యి కంటే రోంత పెద్దది, అంతే. ఏడ్సేదానికి కూడా సేతకాలా దానికి."

"అప్పుడు నువ్వేం చేశావు?"

"నాకేం తెలుసు తల్లీ, నాకేం తెలీదు. బిడ్డ సల్లబడతా ఉండాది. దుప్పటి కప్పితే దుప్పటీ సల్లబడతాది. అందుకని రవికె ఇప్పి ఈడ పెట్టుకున్నా." ఆమె తన రొమ్ము మధ్య చెయ్యి పెట్టి చూపించింది. "పైన కోక బిగించి సుట్టేసినా. పాలు సప్పరించేదానికి బలం యాడిది? మా వనజ పిండి ఇస్తే ఈ గిన్నె మూతితో ఒక సుక్క పోసేది. మింగితే ఇంకో సుక్క. మింగకపోతే మింగేదాకా కూసునేది."

"ఎన్నాళ్ళు కూర్చున్నావమ్మా అట్లా?"

"లెక్క యాడ పెట్టుకుండేది? అది గట్టిగా ఏడ్సేదాకా."

టైపు కొట్టే గుమాస్తా చేతులు కూడా ఆగిపోయాయి. వనజాక్షికి ఆ వార్డు, ఆ గోడ, ఆ గోడకు ఆనుకొని కూర్చున్న అత్త కళ్ళముందు నిలిచారు. పెళ్ళయి కాపురానికి వచ్చిననాటినుంచీ అత్త నోటికి జడిసి బతికిన కోడలామె. ఉప్పెక్కువైతే తిట్టు, తక్కువైతే తిట్టు. అట్లాంటి అత్త ఆ వార్డులో నోరు మూసుకొని, పడుకోవడం మానేసి, నిటారుగా కూర్చుండిపోయింది. పడుకుంటే బిడ్డ ఎక్కడ జారిపోతుందోనని భయం. దగ్గు వస్తే నోట్లో కొంగు కుక్కుకునేది. నర్సులు నవ్వారు. పక్క మంచం వాళ్ళు జాలిపడ్డారు. వనజాక్షి కూడా లోలోపల ఆ బిడ్డ మీద ఆశ వదులుకుంది. కన్నతల్లి వదులుకున్న ఆశను ఈ ముసలామె పట్టుకొని కూర్చుంది.

ఒక తెల్లవారుజామున అత్త కోకలోంచి సన్నగా ఏడుపు వినిపించింది. ముందు పిల్లికూన అనుకున్నారు. మళ్ళీ వినిపించింది. వార్డు వార్డంతా లేచి కూర్చుంది. అత్త కొంగు తొలగిస్తే, లోపల ఎర్రగా, పిడికిలి బిగించి, లోకాన్నంతా తిడుతున్నట్టు ఏడుస్తోంది భవిత. ఆ క్షణాన వనజాక్షి అత్తను చూసి చేతులెత్తి దండం పెట్టబోయి, మంచం మీదినుంచి లేవలేక ఆగిపోయింది. ఏడు నెలలు నేను మోశాను, మిగిలిన నెలలు ఈమె మోసింది అనుకుంది. ఇవాళ హాల్లో కూర్చున్నా ఆ మాటే గుర్తొచ్చింది. ఎంత పెద్ద వింత ఎంత చిన్న ఒంట్లో జరిగింది! దాన్ని జరిపించిన మనిషికి తాను వింత చేశానన్న స్పృహే లేదు. అట్లాంటి మనిషిని పట్టుకొని బిడ్డ పేగు కుళ్ళబెట్టావంటారా?

చక్రధర్ గొంతు కూడా కాస్త దిగింది. అయినా ఆయన పని ఆయన చేయాలి. "అవ్వగారి కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు సార్. కానీ ఆమె గుండెల మీద ఉన్నది ఈ పాపేనని ఎట్లా నమ్మేది?"

"ఆరువేళ్ళు సూడప్పా! నా మీద పండుకున్న బిడ్డకు ఆరువేళ్ళు. ఆ వేళ్ళతోనే నన్ను గీరతా ఉండె."

"మా రికార్డులో ఆరోవేలు మాటే లేదమ్మా. ఉంటే నేనే ఒప్పుకొని కూర్చునేవాణ్ణి."

"కాగితం సూళ్ళేదు. మనిషి సూసినాడు." తిరుమలమ్మ చెయ్యి లేచింది. ఈసారి వేలు ఆమెది, ముందు వరుసలో తలవంచుకొని కూర్చున్న డాక్టర్ హరినాథ్ వైపు. "ఆయన్ని అడగండి. నా సేతిలో పెట్టింది ఆయనే గదా."

హాలు మొత్తం అటు తిరిగింది. డాక్టరు తల ఎత్తలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఎంత తుడిచినా అది శుభ్రం కావడం లేదు.

"డాక్టరు గారు సాక్ష్యం చెప్పాల్సింది ఇవాళ కాదు సార్" అన్నాడు చక్రధర్ వెంటనే. "ఆయన వంతు వచ్చినప్పుడు చెప్తారు. ఇప్పుడు బదులివ్వాల్సిన పని లేదు."

అది నిజమే. ప్రెసిడెంటు గారు నిట్టూర్చారు. రేవతి లేచి, పిటిషన్లో చిన్నది అన్న మాట సరిదిద్దుకోవడానికి అనుమతి ఇవ్వమని అడిగింది. "సరిదిద్దుకోవచ్చమ్మా. కానీ ఆధారం?" అన్నారు ప్రెసిడెంటు గారు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకొని పెన్ను అందుకున్నారు. ఆయన రాయబోయే వాక్యం ఏమిటో చదువుకోని తిరుమలమ్మకు కూడా తెలిసిపోయింది. ఆధారం లేదని ఆ పెన్ను రాస్తే మహితకు ఆపరేషన్ లేదు. బిడ్డను చెడగొట్టింది నాయనమ్మే అన్న మాట పైకోర్టు దాకా ఆ కాగితంతో పాటే పోతుంది. వనజాక్షి ఒళ్ళో ఉన్న మహితను గట్టిగా పట్టుకుంది. ఏడుకొండలవాడా అనుకుంది, ఆపైన ఏం అడగాలో తోచలేదు.

అప్పుడు ముందు వరుస బల్ల కిందినుంచి భవిత తల బయటికి వచ్చింది. సరిగ్గా డాక్టరు మోకాళ్ళ దగ్గర. పెద్దవాళ్ళ గొడవలు దానికేం తెలుసు? తలవంచుకొని కళ్ళు తుడుచుకుంటున్న మనిషి ఒకడు కనబడ్డాడు, అంతే.

"మా అవ్వ తిట్టిందా నిన్ను?" అని అడిగింది. "అవ్వ అందర్నీ తిడతాది. ఏడవొద్దు. ఇదో, తిను."

ఎడమచెయ్యి చాచింది. అందులో కమ్మరకట్టు.

"ఎడంసేత్తో ఇయ్యకూడదని ఎన్నిసార్లు సెప్పాలే నీకు!" కుర్చీలోంచి అలవాటుగా అరిచింది తిరుమలమ్మ.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. డాక్టరు కమ్మరకట్టు తీసుకోలేదు. ఆ చెయ్యి పట్టుకున్నాడు. చిటికెనవేలి పక్కనున్న బుల్లివేలి మీద తన చూపుడువేలు ఆనించాడు. పాప అదేదో ఆట అనుకొని ఆరువేళ్ళూ ముడిచి ఆయన వేలు పట్టేసింది. ఆయన విడిపించుకోలేదు. వేలు ఆ పిడికిట్లోనే ఉంచి, మెల్లగా లేచి నిలబడ్డాడు.

"డాక్టర్ గారూ, కూర్చోండి" అన్నాడు చక్రధర్.

"మీరు కూర్చోండి చక్రధర్ గారూ. ఐదేళ్ళుగా కూర్చునే ఉన్నాను నేను."

ఆయన ప్రెసిడెంటు గారి వైపు తిరిగాడు. "నా వంతు దాకా ఆగలేను సార్, ఇప్పుడే రాసుకోండి. కాన్పు రోజున ఈ చెయ్యి ఇట్లాగే నా వేలు పట్టుకుంది. ఆరోవేలు చూశాను. రాయలేదు. బతకదనుకున్న బిడ్డకు వేళ్ళెన్నో ఎవరు రాస్తారు? వేలు విడిపించుకొని బిడ్డను ఈ అవ్వగారి చేతిలో పెట్టి నా దారిన నేను పోయాను. నేను చచ్చిపోతుందన్న బిడ్డ ఇది. ఈ పాప డబ్బాపాలు తాగలేదు. పెట్టెలో పెట్టి డబ్బాపాలు పట్టించింది అదిగో, ఆ పాపకు." ఆయన చూపు మహిత మీద ఆగింది. "ఇంటికి పోయేటప్పటికే దాని కడుపు ఉబ్బి ఉంది. కులాసా అని రాయించింది నేనే."

చక్రధర్ నిలువునా కూలబడ్డాడు. వనజాక్షి కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఐదేళ్ళ కిందట ఆ పిడికిట్లో ఉన్న బలం ఎంత? దూదిపింజంత. ఇన్ని కాగితాలు, ఇంతమంది లాయర్లు లేపలేని మనిషిని ఇవాళ ఆ పిడికిలే లేపింది. అత్త ఉగ్గుగిన్నెను కళ్ళకద్దుకొని మళ్ళీ పసుపు గుడ్డలో చుట్టుకుంటోంది, పని అయిపోయినట్టు.

రేవతి తేరుకొని అడిగింది. "తల్లికి పాలున్నాయని మీకు తెలుసు. అయినా డబ్బాపాలే పట్టమని ఎందుకు చెప్పారు డాక్టరు గారూ?"

"నా బుర్రతో నేను చెప్పింది కాదు. అట్లాగని నా తప్పు తప్పిపోదు." ఆయన రేవతి వైపు తిరిగాడు. "డబ్బాలు ఊరికే తెచ్చి మా నర్సుల చేతుల్లో పెట్టి, ఇవి పడితే బిడ్డలు తొందరగా బరువెక్కుతారని నన్ను నమ్మించి, ఏ ఊరినుంచి ఏ గర్భిణి వస్తుందో ముందే కనుక్కొని మా దగ్గరికి తోలుకొచ్చిన మనిషి ఒకడున్నాడు. కంపెనీ మనిషని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ కేసులో వీళ్ళు వేసే ప్రతి అడుగూ వీళ్ళ కంటే ముందు మా లాయరుకు తెలుస్తూ వచ్చింది. ఎట్లా తెలిసిందో నేను అడగలేదు. అడిగే పని లేదు. ఆ మనిషి ఇవాళ కూడా ఈ హాల్లోనే ఉన్నాడు. వీళ్ళ పక్షానే కూర్చున్నాడు."

కాన్పు నొప్పులతో తాను మెలికలు తిరుగుతుంటే, పుత్తూరులోనే ఆగుదామని ఢిల్లీబాబు అన్నా వినకుండా, తిరుపతికే పోదాం, నాకు తెలిసిన నర్సింగ్ హోమ్ ఉందని పట్టుబట్టిన గొంతు వనజాక్షి చెవిలో గింగురుమంది. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది.

వెనక కుర్చీ ఖాళీగా ఉంది. హాలు తలుపు ఇంకా ఊగుతోంది.

"అమా," అంది భవిత, డాక్టరు వేలు పట్టుకునే, "గోవిందయ్య తాత క్యారియర్ ఈడే మర్సిపోయి పరిగెత్తినాడే!"